వాసన నాగయ్య చలివేంద్రం

నాగయ్య వీధిలోకి రాకముందే ఆయన వాసన వచ్చేది. చెవి సందున ఖస్ అనే వట్టివేళ్ల అత్తరు దూది, నెత్తికి వట్టివేళ్ల నూనె, ధోవతుల పెట్టెలో వట్టివేళ్ల కట్ట, స్నానం గాబులో ఇంకో కట్ట. తాగే నీళ్లలో ఆ వేరు నానకపోతే గొంతు దిగదని అందరి ముందూ అనేవాడు. హుజూరాబాద్‌కు దగ్గర్లోని మా ఊళ్లో ఆయన్ని ఎదురుగా సావుకారి అనేవాళ్లు, అటు తిరిగాక వాసన నాగయ్య అనేవాళ్లు. ఆయన భార్య కిష్టవ్వ మా అవ్వకు వరసకు అక్క. ఆ లెక్కన ఆయన్ని నేను పెద్దబాపు అనాలి. నోరు రాదు. నాగయ్య అనే రాస్తాను.

ఆయన తాతా తండ్రీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని చీరలు నేసి బతికినవాళ్లు. పడుగుకు పెట్టే గంజి వాసన పడక మగ్గం వదిలేశానని నాగయ్య చెప్పేవాడు. పని పడక వదిలేశాడని వాళ్ల బాపు చెప్పేవాడు. ఏదైతేనేం, నిజాం రోజుల్లోనే వట్టివేళ్ల బేరం పట్టాడు. ఎండలు ముదరగానే హుజూరాబాద్ కచేరీ కిటికీలకూ, మా ఊరి దొర ఉండే గడి తలుపులకూ వట్టివేళ్ల తడకలు కట్టించేవాడు. భిస్తీ వాటి మీద తోలుసంచితో నీళ్లు చల్లుతుంటే లోపల కూచున్నవాళ్లకు చల్లగాలీ కమ్మని వాసనా కలిసి అందేవి. పోలీస్ యాక్షన్ వచ్చింది. రూమీ టోపీలు పోయి తెల్లటోపీలు వచ్చాయి. తెల్లటోపీ కింద కూడా చెమట పడుతుందని అందరికంటే ముందు కనిపెట్టినవాడు నాగయ్య. పాత సాహెబుకు చెప్పిన మాటలే కొత్త సాహెబుకు చెప్పి, అవే తడకలు కట్టించి వచ్చాడు.

దుకాణంలో వట్టివేళ్ల నూనె కూడా అమ్మేవాడు. నువ్వుల నూనెలో వేళ్లు వేసి సన్నని సెగ మీద కిష్టవ్వ కాచేది, సీసాలకు పోసి పేరు నాగయ్య తెచ్చుకునేవాడు. ఒంటి వేడి లాగేస్తుందనీ, బట్టతల మీద కూడా జుట్టు మొలిపిస్తుందనీ చెప్పేవాడు. చెప్పేటప్పుడు రుమాలు మాత్రం తీసేవాడు కాదు. ఇక ఆయన ముక్కు గురించి ఆయనే చెప్పాలి. వేరును వాసన చూసి అది వాగుకు ఏ ఒడ్డున మొలిచిందో చెప్పగలననేవాడు. కాదనడానికి ఎవరికీ అంత తీరిక లేదు.

అన్నిటికంటే మించింది ఆయన మడి. సంతకు వెళ్లొస్తే స్నానం, కచేరీకి వెళ్లొస్తే స్నానం, మాదిగవాడ వాళ్ల నీడ తగిలితే తలస్నానం. గుళ్లో అయ్యగారికి మడి పుట్టుకతో వచ్చింది కాబట్టి ఆయన దాన్ని కొంచెం అటూ ఇటూ పడేసేవాడు. నాగయ్య కష్టపడి సంపాదించుకున్నాడు కాబట్టి ఎప్పుడూ పట్టుకునే ఉండేవాడు. ఎంగిలి అనే మాట వింటేనే ఆయనకు ఒళ్లు జలదరించేది.

ఇంత మడి ఉన్న మనిషికి వేళ్లు ఎక్కణ్నుంచి వచ్చేవంటే, ఐలవ్వ దగ్గర్నుంచి. ఐలవ్వది మాదిగవాడ. చలికాలం చివర వాగు సన్నబడ్డాక ఒడ్డున గడ్డి దుబ్బులు తవ్వి, వేళ్లు దులిపి, కడిగి, ఎండబెట్టి, కట్టలు కట్టి తెచ్చేది. వెనకటి రోజుల్లో గడి వెట్టి మీద తవ్వేటప్పుడు, తొందర చెయ్యమని పని చేయించే సుంకరి నెత్తి మీద నిలబడి అరుస్తుంటే, పార జారి కుడిచేతి బొటనవేలు తెగిపోయింది. ఆ వేసవి కూడా దొర ఆమె తవ్విన వేళ్ల తడక వెనక హాయిగా నిద్రపోయాడు. బొటనవేలు లేని చెయ్యి ముడికి పట్టు ఇవ్వదు. అందుకని ఐలవ్వ మోదుగునార ఒక కొస పళ్ల మధ్య పెట్టి నమిలి పట్టుకుని, మంచిచేత్తో రెండో కొస లాగి బిగించేది. మిగిలిన నారను కొరికేసేది. కొరికిన చోట నార నలిగి కుచ్చులా విచ్చుకునేది. వాడలో చిన్నపిల్లలకు కూడా అది ఐలవ్వ ముడి అని తెలుసు. నాగయ్య వాడ వైపు ఎన్నడూ తొంగిచూడలేదు కాబట్టి ఆయనకు తెలియదు.

ఆమె కట్టల్ని పెరట్లో బండ మీద పెట్టి దూరంగా జరిగి నిలబడేది. కిష్టవ్వ పసుపునీళ్లు చల్లి లోపలికి తీసుకునేది. నీళ్లు చల్లితే మైల పోయినట్టే. ఆ కట్టలే గాబులోకి, చెంబులోకి, నూనెలోకి, కచేరీ కుండల్లోకి, గుళ్లో అభిషేకం బిందెలోకి వెళ్లేవి. ఏళ్ల తరబడి మా ఊరి పెద్దలంతా ఐలవ్వ పళ్లను నానబెట్టుకుని తాగి, అబ్బ, ఎంత శుద్ధంగా ఉన్నాయో అని మూతులు తుడుచుకున్నారు.

హుజూరాబాద్‌కు కరెంటు వచ్చింది. కచేరీలో పంకాలు తిరిగాయి, తడకలు పోయాయి. నాగయ్యకు బేరం పోయినందుకు కాదు, కచేరీ మెట్లు ఎక్కే సాకు పోయినందుకు దిగులు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే పంచాయతీ ఎన్నికలు పడ్డాయి. పంచాయతీ మెంబరు అయితే ఏ ఆఫీసు మెట్లయినా ఎక్కొచ్చు, కుర్చీ వేయించుకోవచ్చు. నాగయ్యకు నిద్ర పట్టడం మానేసింది. మెంబరు కాకపోతే బతికి దండగ అని కిష్టవ్వతో అన్నాడట. ఆమె దండగ ఎవరికని అడిగిందట.

ఒక్కటే చిక్కు. బజారువీధినీ మాదిగవాడనూ కలిపి ఒకే వార్డు చేశారు. వాడ ఓట్లు లేకుండా ఎవడూ గెలవడు. అడుగుదామంటే నాగయ్య వాడలోకి పోడు. ఆలోచించి ఆలోచించి, అందరూ వచ్చే బాట మీద చలివేంద్రం పెట్టాడు. తాటాకు పందిరి, ఇసుక తిన్నె, దాని మీద కొత్త కుండల వరస, కుండకో వట్టివేళ్ల కట్ట. పందిరి చివర, ఎండలో, వేరు వెయ్యని పాతకుండ ఒకటి. దానికి వెదురుగొట్టం. వాడ వాళ్లు గొట్టం కింద దోసిలి పట్టాలి. ఓటు మాత్రం డబ్బాలో దగ్గరకొచ్చి వేసినా ఆయనకు అభ్యంతరం లేదు.

మొదలుపెట్టిన రోజు అయ్యగారు కొబ్బరికాయ కొట్టాడు. బజారువీధి పెద్దలంతా వచ్చారు. నాగయ్య ధోవతి కుచ్చెళ్లు సర్దుకుని అన్నాడు:

“ఇవి ఉత్త నీళ్లు గావు. గీ వేరు తగిలితె ఎసొంటి మైలైన పోతది. అమృతమనుకోండ్రి.”

అయ్యగారు ఒక చెంబు పూర్తిగా తాగి ఇంకో చెంబు అందుకున్నాడు. పెద్దలు వరసగా తాగుతున్నారు. అప్పుడు ఐలవ్వ నెత్తి మీద గడ్డిమోపుతో వచ్చి, మోపు దించి, పందిరికి దూరంగా నిలబడింది.

“సావుకారీ, జర నీళ్లు పొయ్యి. దూపైతున్నది.”

“గొట్టం కాడికి పో ఐలీ. దూరముండు, కుండల మీద నీడ పడ్తది.”

ఆమె దోసిలి పట్టింది. గొట్టంలోంచి వేడినీళ్లు వచ్చాయి. రెండు గుక్కలు తాగి ఆగింది.

“గీ నీళ్లల్ల వాసన లేదేంది సావుకారీ? నా వేరు గిండ్ల ఎయ్యలేదా?”

“నీకెందుకే వాసన. దూప తీరితె సాలదా.”

ఐలవ్వ మనసులో ఏమీ పెట్టుకోలేదు. తన సరుకు గురించి తనకుండే బెంగతో అడిగింది:

“మరి ఆ కుండలల్ల ముళ్లు గట్టిగున్నయా? ఈపారి నార పచ్చిగుండె. బొటనేలు లేని చెయ్యాయె, పట్టు దొరకలే. ఒక్కొక్క ముడిని మల్ల మల్ల నమిలి బిగించిన. ఊడితె వేళ్లన్ని నీళ్లల్ల పడ్తయని ఫికరైతున్నది.”

అయ్యగారి చెంబు పెదవుల దగ్గరే ఆగింది.

“ఏమన్నవే? ఏం జేసి బిగించినవ్?”

“నమిలి, అయ్యగారూ. పండ్లతోని. ఎప్పుడు గంతే గద.”

ఆ తర్వాత జరిగింది చూసి నేను నవ్వలేక చచ్చాను. అయ్యగారు పై పంచె ఎగ్గట్టి బావి వైపు పరుగెత్తాడు. ఒకాయన గొంతులో వేలు పెట్టుకుని రోడ్డు పక్కన కూచున్నాడు. ఇంకొకాయన కొడుకు పెళ్లిలోనూ ఇవే నీళ్లు పోయించిన సంగతి గుర్తొచ్చి తల పట్టుకున్నాడు. నూనె వాడేవాళ్లు నెత్తి తడుముకున్నారు. గడి గుమస్తా ఒకడు, పాపం, ఏమీ తాగకపోయినా అందరితో పాటు ఉమ్మాడు. నాగయ్య గబగబా కర్ర తీసుకుని కుండలన్నీ పగలగొట్టాడు. బాట నిండా చల్లటి నీళ్లు పారాయి. కుక్కలు వచ్చి కడుపునిండా తాగాయి. ఆ ఎండలో దూప తీరని మనిషి ఐలవ్వ ఒక్కతే. ఆమె మోపెత్తుకుని వెళ్లిపోయింది. నవ్వు ఆగాక నాకు కోపం వచ్చింది. ఈ రోజుకీ ఉంది.

సాయంత్రానికి అయ్యగారు తీర్పు చెప్పాడు. తెలియక తాగినదానికి దోషం లేదట, తెలిసి తాగితేనే దోషమట. దాంతో తాగినవాళ్లంతా ఒక్కసారిగా శుద్ధులైపోయారు. పోసిన నాగయ్య ఒక్కడే మిగిలాడు. ఎన్నికల్లో బాలమల్లు అనే ఆయన గెలిచాడు. ఆయన అర్హతల్లా ఎవరికీ నీళ్లు పొయ్యకపోవడం.

నాగయ్య మంచం పట్టినంత పని చేశాడు. ఐలవ్వ దగ్గర వేళ్లు కొనడం మానేశాడు. ఆమె తన కట్టల్ని హుజూరాబాద్ సంతకు మోసుకెళ్లి కరీంనగర్ నుంచి వచ్చే వ్యాపారికి వేయడం మొదలుపెట్టింది. ఆ వ్యాపారి వాటిని రంగుకాగితంలో చుట్టేవాడు. కాగితం మీద తామరపువ్వులో నిలబడ్డ ఆడమనిషి బొమ్మ, కింద ‘మిక్కిలి శుద్ధమైన వట్టివేళ్లు’ అనే అచ్చు. నాగయ్య కరీంనగర్ పోయి ఆ పొట్లాలు కొనుక్కొచ్చాడు. నీళ్లలో వేయించుకుని కళ్లు మూసుకుని తాగాడు.

“గిది వాసనంటె. ఆ ఐలి వేళ్లు గిట్లెన్నడన్న ఉండెనా? నా ముక్కుకు తెల్వదా.”

కిష్టవ్వ మొదటి పొట్లం విప్పినప్పుడే కొరికిన నారకొస చూసింది. చూసి, కట్టను చెంబులో వేసి, చెంబు మొగుడికి అందించింది. ఏళ్ల తరబడి అలా అందిస్తూనే ఉంది. తర్వాత ఒకరోజు మా అవ్వతో చెప్పి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. “ఎందుకు జెప్తనే? గాయనకు మంచిగ నిద్ర వడుతున్నది, నాకు మంచిగ నవ్వొస్తున్నది” అంది.

మళ్లీ ఎన్నికలు వచ్చాయి. నాగయ్య మళ్లీ నిలబడ్డాడు. ఈసారి ఓడితే ఇక వయసు లేదని ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. మళ్లీ పందిరి, మళ్లీ కుండలు, మళ్లీ గొట్టం. ఈసారి బ్లాకు ఆఫీసరును కూడా పిలిచాడు. జీపు దుమ్ములో ఆయన దిగగానే నాగయ్య అందరి ముందు రంగుపొట్లం పైకెత్తి చూపించాడు.

“పట్నం సరుకు. మనూరోళ్ల చెయ్యి తాకలే. అయ్యగారూ, మీరే చూడుండ్రి.”

పొట్లం విప్పాడు. కట్ట బయటికి వచ్చింది. మోదుగునార ముడి, నలిగి కుచ్చులా విచ్చుకున్న కొస. మొదటి గొడవ తర్వాత ఆ ముడి తెలియని మనిషి మా ఊళ్లో లేడు. నాగయ్య అయ్యగారి వైపు చూశాడు, అయ్యగారు కుండ వైపు చూశాడు. ఎండ మండిపోతోంది, కుండ చెమర్చి చల్లగా కనిపిస్తోంది.

“పట్నం సరుకాయె. వెయ్యి వెయ్యి. బొమ్మ గూడ లక్ష్మమ్మది ఉండె” అని అయ్యగారు కళ్లు మూసుకున్నాడు.

అందరికీ ప్రాణం లేచివచ్చింది. కట్ట కుండలో పడింది, చెంబులు లేచాయి. తెలియకపోతే దోషం లేదన్న తీర్పును మా ఊరు అంత బాగా వాడుకున్న రోజు ఇంకోటి లేదు. నాగయ్య ముఖం మీద చెమట తుడుచుకుంటుండగా బ్లాకు ఆఫీసరు ఇటూ అటూ చూసి, హరిజనులు ఎక్కడ తాగుతారు, ఆ గొట్టం దేనికి అని అడిగాడు. చట్టం పేరు కూడా ఎత్తాడు. అంతలో గుంపు వెనక ఐలవ్వ కనబడింది. ఒక పక్క చట్టం, ఇంకో పక్క ఐలవ్వ నోరు. నాగయ్య గభాలున ఆ కుండలోనే చెంబు ముంచి, వెళ్లి ఆమె చేతిలో పెట్టాడు.

“గొట్టం గిట్ల ఏం లేదు సార్. ఊకె పక్కకు వెట్టినం. మాకు అందరొక్కటే.”

ఐలవ్వ చెంబు ఎత్తిపట్టి గుక్క తిప్పకుండా తాగింది. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. పల్లెల్లో ఇలాంటి సంస్కర్తలు ఉండాలని ఉపన్యాసం ఇచ్చి, నాగయ్య మెడలో దండ వేశాడు. వాడలో ఆ కబురు పాకింది. చెంబు చేతికిచ్చినవాడని వాడంతా ఓటేసింది. నాగయ్య మెంబరయ్యాడు.

లెక్కింపు అయిన మర్నాడే గొట్టం మళ్లీ పాతకుండకు ఎక్కింది.

ఆ రోజు ఐలవ్వ సంత నుంచి వస్తూ పందిరి దగ్గర ఆగి నీళ్లడిగింది. నాగయ్య మెంబరు కుర్చీ వేయించుకుని కూచున్నాడు. పక్కన అయ్యగారు, మరికొందరు పెద్దలు చెంబులు పట్టుకుని ఉన్నారు. నాగయ్య వేలితో గొట్టం చూపించాడు. ఐలవ్వ గొట్టాన్ని చూసింది, ఆయన్ని చూసింది. బాట అవతల, అందరికీ కనబడే చోట, ఎండలోనే గొంతుక్కూచుంది. గంపలో కట్టకుండా మిగిలిన వేళ్లు తీసి, దులిపి, నార చుట్టి, కొస పళ్ల మధ్య పెట్టి నమిలింది. లాగి బిగించి, కొరికి, తుపుక్కున ఉమ్మింది. ఆ కట్టను పక్కన పెట్టి గంప అడుగు నుంచి రంగుకాగితాల బొత్తి తీసింది. ఈమధ్య చుట్టే పని కూడా కరీంనగర్ వ్యాపారి ఆమెకే అప్పగించాడు. తామరపువ్వు మీది ఆడమనిషి బొమ్మ పైకి వచ్చేటట్టు శ్రద్ధగా చుట్టి, పొట్లాన్ని పందిరి వైపు తిప్పి నేల మీద నిలబెట్టింది. ఇంకో కట్ట అందుకుంది.

అయ్యగారు కళ్లు మూసుకోబోయాడు కానీ ఈసారి ఆలస్యమైంది. ఒకరి చేతిలో చెంబు కిందికి దిగింది. ఇంకొకరు నాగయ్య వైపు చూశారు. ఐలవ్వ మూడో కొసను పళ్ల మధ్య పెట్టుకుని, నమలకుండా, ఆగి చూస్తోంది. నాగయ్య కుర్చీలోంచి లేచాడు. తనే చెంబు ముంచుకుని, తనే బాట దాటి, వంగి ఇచ్చాడు.

“తాగు ఐలవ్వా. గా పని ఇంటికి వోయి చేసుకో. తాగు.”

ఆమెను అవ్వ అని ఆయన పిలవడం అదే మొదలు. ఐలవ్వ ఈసారి చెంబు ఎత్తిపట్టలేదు. అంచు పెదవులకు ఆనించి, తీరిగ్గా, కొంచెం కొంచెంగా తాగింది.

“వాసన మంచిగున్నది సావుకారీ. పట్నం సరుకు” అని చెంబు తిరిగి ఇచ్చింది.

కిష్టవ్వ ఆ సాయంత్రమే గొట్టం పీకి పొయ్యిలో పెట్టింది. మరుసటి రోజు నుంచి ఐలవ్వ రోజూ వచ్చేది, వాడ వాళ్లను వెంటబెట్టుకుని వచ్చేది. అందరికీ అదే కుండ, అదే చెంబు. అంటరానితనాన్ని మాపిన మనిషని నాగయ్యకు మళ్లీ ఎక్కడో దండ వేశారని విన్నాను. ఆ చెంబును తోమనని మాత్రం కిష్టవ్వ ఖరాఖండిగా చెప్పేసింది. అందుకని ప్రతి సాయంత్రం పందిరి వెనక కూచుని, చింతపండుతో, మెంబరు నాగయ్యే ఐలవ్వ ఎంగిలి తోముకునేవాడు.